సంగటి కట్టె నడిచిన అడుగులు

మా చర్చి స్త్రీల సమాజంలో ముగ్గురు ఆడపిల్లలు ఈమధ్య కర్నూలు ఇళ్లల్లో వంటపనికి కుదిరారు. వాళ్లలో మేరీ నన్ను వదలదు. ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకునే లోపలే పట్టుకుంటుంది. "శాంతమ్మత్తా, ముప్పై ఏండ్లు చేసినావు కదా. ఆ ఇండ్లల్లో ఎట్ల మెలగాలో కొంచిం చెప్పు" అంటుంది. నోటితో చెబితే మెట్లు దిగేసరికి మరిచిపోతారు. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మిషను బడిలో అయిదో తరగతి. మనవరాలి నోటుబుక్కులో వెనక రాయని కాగితాలు మిగిలి ఉంటే వాటి మీదే రాస్తున్నాను. దీనికోసం కొత్తది కొనాల్సిన పని లేదు.

ఎన్ని ఇళ్లు మారాను, ఎవరు ఎంత ఇచ్చారు అనే లెక్కలు ఇందులో ఉండవు. కూర ఎలా చేయాలో కూడా ఉండదు. అది మీ అమ్మలు నేర్పి ఉండాలి. నేర్పకపోతే ఇప్పుడు నేను చేయగలిగింది లేదు. నేను చెప్పేది ఒక ఇంటి సంగతి, ఆ ఇంట్లో నేను చేసిన ఒక తప్పు సంగతి. ఆ తప్పు వల్ల ఒక పెద్దామె ప్రాణం మీదికి వచ్చింది.

ఏడ్చే పొయ్యి

ఆ ఇంట్లో పదమూడేళ్లు వండాను. వాళ్లది విత్తనాల వ్యాపారం. ఇంటి పెద్దామె పేరు ఓబులమ్మ. మోకాళ్ల నొప్పులు, షుగరు, నోరు గట్టిది. కొడుకు, కోడలు ప్రసన్న పొద్దున తొమ్మిదికి అంగడికి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాళ్లు. పగలంతా ఆ మిద్దెలో నేనూ ఓబులమ్మే. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఆదివారం పొద్దున రాను, చర్చికి పోతాను. ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీ దేవునికి ఆదివారం, మా దేవునికి శనివారం. బాగుండాది. ఇద్దరికీ జగడం రాదు" అని ఒప్పుకుంది.

మొదట్లో ఆ వంటింట్లో గ్యాసు పొయ్యి, రోలు, సంగటి గెలికే కట్టె అన్నీ నాకు తెలిసినవే. తర్వాత ఒక్కొక్కటే మారాయి. ప్రసన్న అద్దం పలక లాంటి కరెంటు పొయ్యి తెచ్చి గ్యాసు తీసేయించింది. దానికి తిప్పే మర ఉండదు. వేలితో తాకాలి, అదీ తడి లేని వేలితో తాకాలి. వంటమనిషికి తడి లేని వేలు ఎక్కడి నుంచి వస్తుంది? బియ్యం కడిగిన చెయ్యి, పిండి కలిపిన చెయ్యి, చింతపండు పిసికిన చెయ్యి. నేను తాకితే కుయ్యిమంటుంది, వెలగదు. మళ్లీ తాకితే మళ్లీ కుయ్యి.

"శాంతక్కా, చెయ్యి తుడుచుకోని నొక్కాల" అని ప్రసన్న చూపించింది.

"పొద్దంతా చెయ్యి తుడుచుకుంటా కూచుంటే వంట ఎవరు చేస్తారమ్మా?" అన్నాను.

సంగటి ఎలా చేస్తామో మీకు తెలుసు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, ఉడకనిచ్చి, గిన్నెను నేలకు దించి, పాదాలతో అదిమిపట్టి కట్టెతో గెలకాలి. మధ్యలో మళ్లీ సెగ తగలాలి. గిన్నె దించానో లేదో ఆ పొయ్యి అరుపు మొదలుపెట్టేది. అరిచి అరిచి తనే ఆరిపోయేది.

లోపల్నుంచి ఓబులమ్మ, "ఏందే అది, బిడ్డ ఏడ్చినట్ల ఏడుస్తాండాది?" అని అడిగింది.

"పొయ్యి పెద్దమ్మా. గిన్నె దించితే ఏడుస్తాది."

"అయితే సంకనేసుకోని సంగటి చెయ్యి!"

ఆ పొయ్యిని నెలంతా తిట్టాను. తిడుతూనే నేర్చుకున్నాను. మీరూ అంతే చేయండి. తిట్టుకోవడం మీ ఇష్టం, నేర్చుకోకపోతే మాత్రం ఇంకొకరు వస్తారు.

ఓబులమ్మ సంగటికి ఒక లెక్క ఉండేది. నేను గెలకడం మొదలుపెట్టగానే కట్టె గిన్నె అంచుకు తగిలే చప్పుడు ఆమె గదిలోకి వినపడేది. ఆ చప్పుడు ఏ మాత్రం నెమ్మదించినా మంచం మీద నుంచే కేకేసేది: "ఉండలు కడతాండాయే! చెయ్యి పడిపోయిందా?" రోజూ ఒకసారైనా అరవాల్సిందే. ఉండలు కట్టకపోయినా అరిచేది. మొదట్లో నాకు మండిపోయేది. ఇన్నేళ్లుగా చేస్తున్నదాన్ని, నాకు తెలియదా అని. ఒకరోజు తిరగబడ్డాను కూడా. "వచ్చి నువ్వే గెలుకు పెద్దమ్మా" అన్నాను. "నా చెయ్యి బాగుంటే నీకెందుకిస్తానే కట్టె!" అంది. ఆ తర్వాత నేను ఎదురు మాట్లాడలేదు. ఈ అరుపు సంగతి గుర్తుపెట్టుకోండి.

మాట్లాడే తలుపు

పక్క వీధి కాశింబీ రోజూ మధ్యాహ్నం వచ్చి ఓబులమ్మతో కూర్చునేది. ఇద్దరూ చింతపండు పిక్కలు తీస్తూ ఊరి మీద మాటలు చెప్పుకునేవాళ్లు. సాయంత్రం ఎండ తగ్గాక ఓబులమ్మ కట్టె ఊతంతో కాశింబీ ఇంటిదాకా నడిచిపోయి వచ్చేది. మోకాళ్లను తిట్టుకుంటూనే పోయేది. అదే ఆమెకు నడక.

ఎక్కడో దొంగతనం జరిగిందని ప్రసన్న వీధి తలుపుకు కన్నున్న గంట పెట్టించింది. ఎవరైనా వచ్చి మీట నొక్కితే అంగడిలో ఉన్న ప్రసన్న ఫోనులో వాళ్ల మొహం కనపడుతుంది. అక్కడి నుంచే మాట్లాడుతుంది. ఆ పిల్ల మంచికే పెట్టింది, కాదనను. కానీ ఆ మరుసటి రోజు కాశింబీ వచ్చి నొక్కితే, మనిషి లేని తలుపులోంచి "ఎవరండీ? ఏం పని?" అని వినపడింది. చింతపండు చాటతో సహా కాశింబీ వీధి మలుపు దాకా వెళ్లిపోయింది. నేను వెనకే పోయి పిలిచాను.

"నేను రాను తల్లీ" అంది. "మా ఇంట్లో తలుపు తెరుస్తాం, మూస్తాం. తలుపుకు జవాబు చెప్పేది నాకు చేతకాదు. ఏం పని అంటాండాది! పనుంటేనే రావాల్నా?"

ప్రసన్నకు చెప్పాను. "అయ్యో, నేనే కదా మాట్లాడింది, కాశింబీ పిన్నికి నా గొంతు తెలీదా?" అంది. తెలుసు. తెలిసే నొచ్చుకుంది. కాశింబీ తర్వాత ఒకటి రెండుసార్లు వచ్చింది కానీ ఆ కన్ను వైపు చూస్తూ నిలబడి, రెండు మాటలు మాట్లాడి పోయేది. కాశింబీ రాకపోయేసరికి ఓబులమ్మకు రోషం వచ్చింది. ఆమె ఇంటికి ఈమె పోవడం మానేసింది. నడక పోయింది.

నడక పోయాక షుగరు పెరిగింది. అప్పుడు నడిపించడానికి ఇంకొక యంత్రం వచ్చింది. ఇక్కడే నాకు ఒళ్లు మండేది. నడిచే మనిషిని ఒక యంత్రం కూర్చోబెట్టింది, కూర్చున్న మనిషిని లేపడానికి రెండోది కొన్నారు. దుడ్లు ఎక్కువైన ఇళ్లల్లో ఇలాగే ఉంటుంది.

ఊరికే పోయే అడుగులు

ఆ రెండోది చేతికి కట్టుకునే వాచీ. ఎన్ని అడుగులు నడిచిందీ లెక్కపెట్టి ప్రసన్న ఫోనుకు పంపుతుంది. గుండె ఎలా కొట్టుకుంటున్నదీ చెబుతుంది. మనిషి కింద పడితే తనే ఫోను చేస్తుందట. దాంతో పాటు మాట్లాడే డబ్బా ఒకటి తెచ్చి ఓబులమ్మ మంచం పక్కన పెట్టారు. పొద్దున సరిగ్గా ఎనిమిదికి అది "మాత్ర వేసుకోండి" అనేది. ఓబులమ్మ దానికి "సరేలేమ్మా" అని జవాబు చెప్పి వేసుకునేది. "ఈ పాప శానా మర్యాదగా చెప్తాది, మా కోడలి మాదిరి కాదు" అని నాతో అనేది.

వాచీతోనే తంటా వచ్చింది. సాయంత్రం ప్రసన్న వచ్చీ రాగానే ఫోను చూసేది.

"అత్తా, ఈరోజు మూడొందల అడుగులు. మంచం నుంచి దొడ్డికి పోయి వచ్చినట్లుండావు, అంతే."

"యాడికి నడవమంటావు? ఈ గోడకాడి నుంచి ఆ గోడకాడికా? నేనేమన్నా గానుగెద్దునా?"

"డాక్టరు చెప్పింది నీ మంచికే కదా."

"నా మంచి నీ ఫోన్లో ఉంటే దాన్నే నడిపించుకో!"

రోజూ ఇదే జగడం. కొడుకు అన్నం ముందు తల వంచుకుని కూర్చునేవాడు. ప్రసన్న చెడ్డది కాదు. పొద్దుననగా పోయి అలిసి వచ్చిన మనిషి. అత్త పోతుందేమోనని భయపడేది, ఆ భయం నోట్లోంచి తిట్టుగా వచ్చేది. ఓబులమ్మ రాత్రికి అలిగి సగం ముద్ద తిని లేచేది. వండినదాన్ని నేను. మిగిలిన సంగటి మరుసటి రోజు మజ్జిగలోకి వస్తుంది, అది వేరే సంగతి. తినాల్సిన మనిషి తినలేదు కదా.

ఒకరోజు రోట్లో చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, దంచుతున్నాను. ఓబులమ్మ వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని నా చెయ్యినే చూస్తోంది.

"శాంతమ్మా, నీ చెయ్యి శానా నడుస్తాండాది" అంది.

"చెయ్యి నడిచేదేంది పెద్దమ్మా?"

"ఈ వాచీకి కాళ్లు కనపడవు కదా. చేతికే కదా ఇది ఉండేది. నిన్న నేను ఈగల్ని తోలుకుంటాంటే దీంట్లో అంకె పెరిగింది. నువ్వు కట్టుకో, చూద్దాం."

నవ్వాను. కట్టుకున్నాను. ఊరిబిండి దంచి, ఆ తర్వాత సంగటి గెలికేసరికి అది నాలుగు వేలు దాటింది. ఆ సాయంత్రం ప్రసన్న ఫోను చూసి అత్త చెయ్యి పట్టుకుని, "అత్తా! ఇంత నడిచినావా!" అని మురిసిపోయింది. ఆ రాత్రి ముగ్గురూ నవ్వుతూ తిన్నారు. ఓబులమ్మ రెండో ముద్ద అడిగింది.

నాకు తప్పనిపించలేదు. నిజం చెబుతున్నాను. వంటింట్లో ఏదీ ఊరికే పోనివ్వని మనిషిని నేను. గంజి పారబోయను, చింతపండు పిప్పితో ఇత్తడి తోముతాను. నేను రోజూ గెలుకుతాను, దంచుతాను, ఆ కష్టం గాలికి పోతోంది. అది ఆ ముసలామె పేరున పడి ఇంట్లో జగడం తప్పితే మంచిదే కదా అనుకున్నాను. మూడు నెలలు, ఆదివారం పోను రోజూ పొద్దున పది గంటలకు వాచీ నా చేతికి, మధ్యాహ్నం తిరిగి ఆమె చేతికి. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఇది అబద్ధమని నాకు తట్టలేదు. నోటితో చెబితేనే అబద్ధం అనుకునేదాన్ని.

శనివారం

మూడు నెలలకు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. రక్తం చూస్తే షుగరు దిగలేదు. ప్రసన్న ఫోను తీసి చూపించింది: రోజూ ఇంత నడక, మాత్రలు వేళకు. ఇంత నడిచినా దిగలేదంటే మాత్ర చాలడం లేదని డాక్టరమ్మ పెద్దది రాసింది. ఇంటికొచ్చి ప్రసన్న ఆ మాట చెప్పినప్పుడు ఓబులమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. నోరు తెరిస్తే మళ్లీ జగడం, నా పని పోవడం. రేపు చెబుదాం అనుకున్నాను.

ఓబులమ్మకు శనివారం ఒక్కపొద్దు. పొద్దున ఏమీ తినదు. పూజ చేసుకుని మధ్యాహ్నం ఒక్కసారే తింటుంది. పాత మాత్రతో ఏళ్ల తరబడి అలాగే గడిచింది. కొత్త మాత్ర వచ్చాక మొదటి శనివారం ఎనిమిదికి డబ్బా "మాత్ర వేసుకోండి" అంది. దానికి శనివారం తెలియదు. ఓబులమ్మ "సరేలేమ్మా" అని వేసుకుంది. నేను విన్నాను, చెట్నీకి మిరపకాయలు వేయిస్తూ.

పదకొండు దాటాక సంగటి దించి గెలకడం మొదలుపెట్టాను. వాచీ నా చేతికే ఉంది. ఎండకు వంటిల్లు కాలిపోతోంది. చెయ్యి నొప్పెడితే కాసేపు ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆపాను. ఏదో తక్కువైంది అనిపించింది. ఉప్పు వేశానా? వేశాను. ఏంటి తక్కువ?

అరుపు రాలేదు. రెండుసార్లు కట్టె ఆపినా ఆమె అరవలేదు.

కట్టె గిన్నెలోనే వదిలి పరిగెత్తాను. పూజగదిలో గోడకు ఆనుకుని పక్కకు వాలిపోయి ఉంది. ఒళ్లంతా చెమట, రవికె తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "పెద్దమ్మా" అంటే కళ్లు తెరిచింది కానీ నన్ను గుర్తుపట్టలేదు. ఖాళీ కడుపున పెద్ద మాత్ర, షుగరు పడిపోయిందని తట్టింది. దేవుని ముందు నైవేద్యానికి పెట్టిన బెల్లం ఉంది. అడగలేదు, తీసుకున్నాను. నీళ్లలో చిదిపి, తల ఎత్తిపట్టి, కొంచెం కొంచెంగా పెదవులకు తాకించాను. మింగింది. ఇంకొంచెం పోశాను. మింగింది. ఎంతసేపో తెలియదు. నా దేవుడినీ ఆమె దేవుడినీ కలిపి పిలిచాను.

చివరకు ఓబులమ్మ, "ఏందే, తీపి పెడతాండావు? నాకు షుగరు గదా" అంది.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఏడుస్తూనే ప్రసన్నకు ఫోను చేశాను.

"అత్త పడిపోయిందా? ఎట్ల? ఇప్పుడే చూసినా, నడస్తానే ఉండాది! గుండె కూడా బాగనే ఉండాది!"

"అది నా గుండె తల్లీ" అన్నాను.

మందు ఎవరికి రాసినట్టు

ఆటోలో ఆసుపత్రికి పోయాం. ప్రసన్నా, ఆమె భర్తా అక్కడికే వచ్చారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, గబగబా మాట్లాడుతుంది. సూది వేసి, రక్తం చూసి, ప్రాణానికి భయం లేదంది. తర్వాత ఫోను చూస్తూ, "ఇంత నడిచే మనిషికి ఇట్లా ఎందుకయింది?" అంది.

నేను వాచీ విప్పి ఆమె బల్ల మీద పెట్టాను. "ఆ అడుగులు నావమ్మా. సంగటి గెలికిన అడుగులు."

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. "అంటే మూడు నెలల లెక్క చూసి నేను ఎవరికి రాసినట్టు మందు? నీకా?"

ఆమె ప్రసన్న వైపు తిరిగి, ఈమె శనివారం ఉపవాసం ఉంటుందని నాకెందుకు చెప్పలేదు అని అడిగింది. ప్రసన్న, "అన్నీ ఫోన్లో ఉండాయి కదా అని..." అని ఆగిపోయింది.

బయట వరండాలో ప్రసన్న నా మీద పడింది. పడాల్సిందే. "నిన్ను నమ్మి ఇల్లు అప్పజెప్పినా శాంతక్కా. నా అత్త చచ్చిపోయింటే? నువ్వు వాచీ కట్టుకోని సంగటి గెలుకుతాంటే నేను అంగట్లో కూచోని సంతోషపడతాంటి! ఎంత పిచ్చిదాన్ని చేసినారు ఇద్దరూ!"

"తప్పయింది. రేపటి నుంచి రావద్దంటే రాను" అన్నాను.

గదిలోంచి ఓబులమ్మ గొంతు వచ్చింది. సెలైను బాటిలు కింద పడుకుని కూడా ఊరుకోదు. "దాన్నేంటికి అంటాండావు? కట్టుకోమన్నది నేను. పంపించేదుంటే నన్ను పంపించు."

ప్రసన్న లోపలికి పోయి మంచం అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఓబులమ్మ ఖాళీగా ఉన్న చేత్తో ఆమె తల నిమిరింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి వాళ్లిద్దరినీ అలా చూడలేదు నేను. కొంతసేపటికి ప్రసన్న మొహం తుడుచుకుని బయటికొచ్చి నన్ను అడిగింది: "వాచీ నీ చేతికే ఉంటే, నీకెట్ల తెలిసింది అత్త పడిపోయిందని?"

చెప్పాను. అరుపు సంగతి విని నమ్మనట్టు చూసింది. పాపం, పగటిపూట ఆ ఇంట్లో ఉంటే కదా తెలియడానికి.

అరిచిందా?

నా పని పోలేదు. వాచీ మళ్లీ ఓబులమ్మ చేతికే వచ్చింది, నేను తాకలేదు. మాత్ర తగ్గించారు. శనివారం మాత్ర సంగతి డాక్టరమ్మ వేరే చెప్పింది, డబ్బాకు కూడా ఆ మాట నేర్పించారు. ప్రసన్న స్వయంగా కాశింబీ ఇంటికి పోయి పిలిచింది. మధ్యాహ్నం రెండు గంటల సేపు గంట ఆపేసి తలుపు తీసి పెట్టమని నాకు చెప్పింది. మళ్లీ చింతపండు పిక్కలు, సాయంత్రం మళ్లీ నడక. రోజుకు ఏడెనిమిది వందల అడుగులే, కానీ సొంత కాళ్లవి.

ఇంకొకటి కూడా మొదలైంది. రోజూ పన్నెండు ప్రాంతంలో అంగడి నుంచి ప్రసన్న ఫోను చేసేది. అడుగులు అడిగేది కాదు, గుండె అడిగేది కాదు. "శాంతక్కా, అత్త అరిచిందా?" అనేది. "అరిచింది తల్లీ" అంటే పెట్టేసేది.

తర్వాత నాలుగేళ్లు చేశాను. భుజం పడిపోయాక మానేశాను. నా తర్వాత ఆ ఇంట్లో కుదిరింది మీ మేరీయే. మంచి పనిమంతురాలు, చెయ్యి బలం ఉన్న పిల్ల. పోయిన వారం దిగులుగా ఫోను చేసింది.

"అత్తా, ప్రసన్నమ్మ రోజూ అదేదో అడగతాండాది, పెద్దమ్మ అరిచిందా అని. ఆమె నా మీద ఒక్కసారి కూడా అరవలేదు. అరవలేదంటే ప్రసన్నమ్మ భయపడతాది. నేనేం తప్పు చేస్తాండా?"

"సంగటి ఎట్ల గెలుకుతాండావు?"

"ఆపకుండా గెలుకుతాండా. ఒక్క ఉండ కూడా ఉండదు."

"అదే తప్పు. మధ్యలో కొంచిం నిదానించు."

"ఉండలు కడతాయి కదత్తా?"

"ఒకటి కట్టనీ."

మరుసటి రోజు పన్నెండుకు నా ఫోను మోగింది. మేరీ చేసింది. ఫోను రోలు పక్కన పెట్టినట్టుంది. కట్టె గిన్నెకు తగులుతున్న చప్పుడు వినపడింది, తర్వాత నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది. ఎనభై దాటిన ఆ గొంతు గదిలోంచి పగిలినట్టు వచ్చింది.

"యాడ చచ్చినావే పిల్లా! ఉండలు కడతాండాయి! ఆ శాంతమ్మే మేలు!"